కొండ దిగొచ్చిన కందిచేను

అనగనగా ఒక ఊరు అనుకుంటున్నావా? కాదే చిట్టీ, ఒకే ఏటికి మూడు ఊళ్ళు. కొండ మీద కొండవలస, మధ్యలో నడిమివలస, ఏరు చదునుకొచ్చే చోట పల్లపువలస. ఆ పల్లపువలసలో అసిరమ్మ అని ఒకావిడ ఉండేది. దానికి నోరెక్కువ అనేవాళ్ళు అందరూ. ఎక్కువుండదా మరి? పై రెండూళ్ళ వాళ్ళు చేసిన నిర్వాకమంతా వచ్చి దాని మడిలోనే పడేది!

తొలకరి పడగానే అసిరమ్మ నారు పోసింది. అప్పుడు కొండ మీద వాన దంచి కొట్టింది. ఏరు ఎర్రగా పొంగి, జానెడు మట్టి తెచ్చి నారుమడి మీద కప్పేసి పోయింది.

అసిరమ్మ కొంగు బిగించి నడిమివలస పారమ్మ దగ్గరికెళ్ళింది. వెళ్ళి చూస్తే ఏముంది? ఏటి గట్టున మట్టిని పట్టుకునుండే రెల్లుగడ్డంతా పీకేసి, నీళ్ళ అంచుదాకా వంగతోట వేసేసింది ఆ మహాతల్లి.

"నన్నంటావేం వదినా? నీరు పల్లమెరుగు. పైవాళ్ళనడుగు," అంది పారమ్మ, వంకాయలు కోసుకుంటూ.

ఆ తర్వాత అసిరమ్మ రొప్పుకుంటూ కొండెక్కింది. అక్కడ తవిటినాయుడని, వరసకి బావ. అతని కందిచేను కొండ నెత్తి నుంచి కిందిదాకా నిలువునా దున్ని ఉంది. ఎందుకో తెలుసా? ఆ కొండవలసలో ఓ పిచ్చి ఆచారం. పెళ్ళికొడుకుని చూడ్డానికొచ్చినవాళ్ళు కింద ఏటి గట్టున నిలబడి, అతను దున్నిన చాలు తిన్నగా ఉందా లేదా అని చూస్తారట! అడ్డంగా దున్నితే కింద నుంచి కనపడదు కదా. అందుకని ముసలాళ్ళు కూడా నిలువు చాళ్ళే. వీళ్ళకిప్పుడు పిల్లనెవరిస్తారే?

"బావా, వాలుకి అడ్డంగా దున్నవయ్యా," అంది అసిరమ్మ.

"అడ్డంగా మాట్లాడకు మరదలా. నా చాలంత తిన్నటి చాలు మూడూళ్ళలో లేదు."

"తిన్నగా ఉంది కాబట్టే నీ మట్టి తిన్నగా నా మడిలోకొస్తోంది!"

వింటేగా! గోడకి చెప్పినా నయం.

అసిరమ్మ మట్టి ఎత్తిపోసి, రెండోసారి నారు పోసింది. మళ్ళీ వాన. మళ్ళీ మట్టి. ఇంక విత్తనాలు దాచిన గడ్డి పురిలో మిగిలినవి ఒక్క మడికి సరిపడా గింజలు. అవీ పోతే ఆ ఏడు నాట్లు లేవు, ఇంట్లో తిండీ లేదు. అసిరమ్మకి ఏడుపూ, కోపమూ కలిసి వచ్చేశాయి.

నాలుగు రోజులాగి చూస్తే, ఆ ఎర్రమట్టిలో కంది మొలకలు! వరికి పోసిన మడిలో కందులేంటే? అప్పుడు అసిరమ్మ మొలకలతో సహా మట్టిని తట్టకెత్తుకుని కొండెక్కి, తవిటినాయుడి వాకిట్లో గుమ్మరించింది.

"ఓలమ్మో, ఇవి మా కందులే! మా పంట మాకిచ్చెయ్!" అన్నాడు తవిటినాయుడు. సిగ్గు లేకపోతే సరి.

"తీసుకో బావా. మట్టితో సహా మోసుకుపో. నేనొద్దన్నానా?"

అప్పుడు కొండవలస వాళ్ళంతా తట్టలతో దిగారు. మొదటి తట్ట పాటలు పాడుకుంటూ మోశారు. రెండో తట్టకి పాట పోయి రొప్పు మిగిలింది. మూడో తట్టకి తవిటినాయుడు కొండ సగంలో మోకాళ్ళు పట్టుకుని కూలబడ్డాడు. కిందికి చూస్తే అసిరమ్మ మడి ఎర్రగా, పైకి చూస్తే తన చేను రాళ్ళు తేలి, తెల్లగా.

"ఇదంతా నా చేనేనా?" అన్నాడు.

"కాదు, మా అత్తగారిది!" అంది అసిరమ్మ.

ఆ తర్వాత తవిటినాయుడు నాగలి కట్టి, వాలుకి అడ్డంగా దున్నాడు. మిగతావాళ్ళూ దున్నారు. పారమ్మ ఊరికే మారిందనుకోకు. వంగతోటలో సగం ఏట్లోకి జారాక, అప్పుడు తెచ్చి రెల్లు నాటింది.

అసిరమ్మ ఉన్న గింజలన్నీ ఊడ్చి మూడోసారి నారు పోసింది. ఆ సాయంత్రమే ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. గోనెసంచి నెత్తినేసుకుని, తిట్లన్నీ నోట్లో సిద్ధం చేసుకుని, మడి దగ్గరికి పరిగెత్తింది.

ఏరు నెమ్మదిగా వస్తోంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. మడి మీద మట్టి పడలేదు. తిట్టడానికేమీ లేక అసిరమ్మ గట్టున కూర్చుని భోరున ఏడ్చేసింది.

ఇంతలో ఆ వానలోనే, ఆ మోకాళ్ళతోనే, తవిటినాయుడు కొండ దిగి వచ్చాడు.

"మరదలా, నీ నారుందా?"

"ఉంది బావా. నీ మట్టి?"

"అదీ ఉంది."

ఇద్దరూ తడుస్తూ అలాగే నిలబడ్డారు.

వాన కొండకి, నీళ్ళు కుండకి,
మట్టి చేనుకి, నారు మడికి,
కథేమో కంచికి, మా చిట్టి మంచానికి!