ఖజానాకు కోళ్ళగూటి తాళం

కమ్మరి పాపాచారి తన కోళ్ళగూటికి కొత్తరకం తాళం చేసుకున్నాడు. ఎంతటి దొంగకీ అది లొంగలేదు. ఆ సంగతి విని రాజుగారి మనుషులు చూసిస్తామని దాన్ని పట్టుకెళ్ళారు. లోపలి పళ్ళతో సహా అచ్చం అలాంటివే చేయించి, కోట తలుపులన్నిటికీ బిగించాక తిరిగిచ్చారు.

పాపాచారి కొలువుకెళ్ళి మొరపెట్టుకున్నాడు. "మాటైనా అడక్కుండా నా పనితనం వాడేసుకున్నారు ప్రభూ!"

మంత్రి విసుక్కున్నాడు. "రాజుగారి మీదా, ఆయన మనుషుల మీదా ఫిర్యాదు చెల్లదయ్యా. చట్టం తెలీదూ?"

"చిత్తం" అని పాపాచారి మొలతాడుకున్న తాళంచెవి తీసి, పక్కనే ఉన్న ఖజానా తలుపు తెరిచి నిలబడ్డాడు.

రాజు అదిరిపడ్డాడు. "ఓరి దొంగా! నీ కోళ్ళగూటి తాళంచెవి నా ఖజానాకు పడుతుందా?"

"పడకేం ప్రభూ? అదే తాళం కదా! మీ భటుల తాళంచెవులు కూడా నా గూటికి పడుతున్నాయి. నిన్న రెండు పెట్టలు పోయాయి. మీ మనుషుల్ని అడుగుదామంటే ఫిర్యాదు చెల్లదాయె. నన్ను దొంగంటారా, విచారణ పెట్టండి. తాళం ఎవరిదో ముందు అక్కడే తేలుతుంది."

రాజు బార్లా తెరిచిన ఖజానా వంక చూశాడు. "మంత్రీ, ఈ పూటే ఆ చట్టం మార్చెయ్!"

"ముందు తాళం మార్చండి ప్రభూ" అన్నాడు పాపాచారి. "ఈసారి నన్నడిగి."