మాయనవారి ఇంటిపేరు

అచ్యుతయ్యగారికి ఒక అలవాటుంది. ఎవరైనా పెద్ద ప్రశ్న వేస్తే ముందు వాళ్ళ చేతికి ఏదో చిన్న పని అప్పజెబుతారు. వంశధార ఒడ్డున ఉన్న ఆయన ఆశ్రమంలో వత్తులు చెయ్యకుండానో, కొబ్బరికాయల పీచు తియ్యకుండానో వేదాంతం విన్నవాళ్ళు లేరు.

మారిషస్ నుంచి వచ్చిన శిష్యుడు సింహాద్రి మాయన వేసిన ప్రశ్న చిన్నదేం కాదు. అతని ముత్తవ్వ చంటిబిడ్డను చంకనేసుకుని ఒంటరిగా ఓడెక్కి, ఆ దేశపు చెరకుతోటల్లో కూలికి చేరింది. బిడ్డ తండ్రి పేరు మాయన అని అక్కడి పాత కాగితాల్లో ఉంది. అదే వాళ్ళ ఇంటిపేరైంది. ఆ పేరు పట్టుకుని సింహాద్రి శ్రీకాకుళం జిల్లా అంతా చెప్పులరిగేలా తిరిగాడు. మాయన అనే మనిషి గాని, ఆ ఇంటిపేరువాళ్ళు గాని ఎక్కడా ఉన్నట్టు లేదు. ఆవిడ నోటికొచ్చిన పేరు చెప్పిందనీ, అసలు ఆ బిడ్డకు తండ్రే లేడనీ బంధువులు చాటుగా అనుకునే మాట అతనికి చిన్నప్పటి నుంచీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

“గురువుగారూ, మా ముత్తవ్వ అబద్ధమాడిందా?” అని అడిగాడు.

“రేపు కార్తీక సోమవారం. ఆడవాళ్ళు మన గుళ్ళో పెనిమిటి పేరున అర్చన చేయించుకుంటారు. నువ్వు కూర్చుని పేర్లు అడిగి పూజారికి అందించు” అన్నారాయన.

సింహాద్రిది బళ్ళో పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు. మర్నాడు వరసలో ముందున్న పైడమ్మను ఎంతో మర్యాదగా, “మీ భర్తగారి నామధేయం?” అని అడిగాడు.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, “మాయన” అంది.

సింహాద్రి దిగ్గున లేచి నిలబడ్డాడు. “మాయనవారా? ఏ ఊరండీ మీది?”

వరసంతా గొల్లున నవ్వింది. పైడమ్మ బిత్తరపోయింది. “మాయనంటే మా ఆయనే బాబూ. మొగుడి పేరు నోటితో అంతారేటి? ఆయుస్సు తగ్గిపోదేటి?”

వెనకున్నావిడ ముందుకు వంగి, “దాలినాయుడు. చెప్పుకో బాబూ” అంది.

సింహాద్రి ఆ పేరు పూజారికి అందించాడు గాని, మనసు అక్కడ లేదు. బిడ్డ తండ్రెవరని ఓడరేవులో గుమాస్తా అడిగి ఉంటాడు. ఆవిడ కూడా ఇలాగే కొంగు అడ్డం పెట్టుకుని ‘మాయన’ అని ఉంటుంది. ఆ మాటనే అతను పేరనుకుని రాసేశాడు. అంటే ఆ మనిషి ఉన్నాడు, ఎక్కడున్నా బతికుండాలని ఆవిడ కోరుకుంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి సింహాద్రికి. ఎన్నేళ్ళ బరువో దిగిపోయి హాయిగా అనిపించింది.

సాయంత్రం గురువుగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పి, “అబద్ధం కాదండీ. కానీ అసలు పేరేమిటో ఇక తెలియదేమో” అన్నాడు.

పూలసజ్జ దులుపుకుంటూ అచ్యుతయ్యగారు నవ్వారు.

“గుమాస్తా గద్దించినా బయటపెట్టని పేరు నీకు మాత్రం ఎందుకు చెబుతుందయ్యా? ఆయన చల్లగా ఉండాలి కదా.”