గుట్టకు బదులు పోయిన ఊరు

అనగనగా ఒక ఊళ్ళో, బోడిగుట్ట కింద, సుంకులమ్మ అని ఒకామె ఉండేది. ఆమెకు ఒక నల్ల ఎనుము, దానికో దూడ. ఎనుము పేరు చుక్కి. ఊఁ కొడుతున్నావా? కొట్టు మరి, గోడకు చెప్పనా నేను?

ఆ ఏడు సుంకులమ్మ బావి ఎండిపోయింది. ఊళ్ళో బావులన్నీ అంతే. మనుషులకు నీళ్ళ బండి వస్తుంది గానీ, ఎనుముకు ఎక్కడ చాలుతాయి? ఆమె తమ్ముడు ఓబులేసుది ఏటి ఒడ్డు ఊరు. "వచ్చే ఎండాకాలానికీ ఇట్లాగే ఉంటే చుక్కిని నేను తోలుకుపోతా అక్కా" అన్నాడు. సరే అంది సుంకులమ్మ. అని, కొట్టంలోకి పోయి చుక్కి మెడ పట్టుకుని ఏడ్చింది.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉంది. కలుపుకైనా కోతకైనా కూలి ఇచ్చుకోరు. ఈరోజు నేను నీ చేనికి వస్తా, రేపు నువ్వు నా చేనికి రావాలి. దాన్నే బదులు అంటారు. బదులు ఎగ్గొట్టిన ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు.

అప్పుడు సుంకులమ్మ అందరినీ పిలిచింది. "ఇంటికొకరు రండి. గుట్ట మీంచి వచ్చే వంకకు కట్ట వేద్దాం" అంది.

"వస్తాం సరే, మాకు బదులుకు ఎవరొస్తారు? గుట్ట వస్తుందా?" అన్నాడు మద్దిలేటి. అందరూ నవ్వారు. నవ్వినా వచ్చారు, మంచివాళ్ళే.

ఊరి పక్కనే మట్టికట్ట వేశారు. ఒక్క వాన వచ్చింది, కట్ట కొట్టుకుపోయింది. ఆ తర్వాత ఇంకా ఎత్తుగా, ఇంకా లావుగా వేశారు. మరో వాన వచ్చింది, అదీ పాయె. "ఇంక చాల్లే సుంకులమ్మా" అన్నాడు మద్దిలేటి.

ఆ రోజే దూడ తాడు తెంపుకుంది. సుంకులమ్మ వీధులన్నీ పరుగెత్తినా దొరకలేదు. కొట్టం గుమ్మం దగ్గరే అడ్డుపడి ఉంటే దొరికేది కదా అనుకుంటూ కూలబడింది. అప్పుడు తట్టింది ఆమెకు. నీళ్ళనైనా అంతే, బయల్దేరిన చోటే ఆపాలి. దూడంటావా, ఆకలేసి చీకటి పడేలోగా తనే తిరిగొచ్చింది.

సుంకులమ్మ తనకు తట్టింది చెప్పి ఒప్పిస్తే, మూడోసారి అందరూ గుట్ట ఎక్కారు. పైనుంచి మొదలుపెట్టి వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు. వంకలో అక్కడక్కడా రాళ్ళు పేర్చారు. కానుగ విత్తనాలు నాటారు. "మొలకలు ఎదిగేదాకా మా మందలు ఇటు రావు" అన్నారు గొర్రెల కాపరులు, మాట నిలబెట్టుకున్నారు కూడా. అందరికంటే ఎక్కువ రాళ్ళు మోసింది ఎవరనుకున్నావు? నవ్విన మద్దిలేటే.

వానలు పడ్డాయి. వంక మాత్రం పొర్లలేదు. నీళ్ళేవీ అని అందరూ గుట్టకేసి చూశారు. గుట్ట తాగుతోంది తల్లీ, పైనుంచి కింది దాకా.

ఎండాకాలం వచ్చింది. చెప్పినట్టే ఓబులేసు పలుపు పట్టుకుని వచ్చాడు. సుంకులమ్మ అతన్ని బావి దగ్గరికి తీసుకుపోయింది. బావిలోకి బొక్కెన దించి, నీళ్ళు తోడి తొట్టిలో పోసింది. చుక్కి తల ఎత్తకుండా తాగింది. ఓబులేసు పలుపు చుట్టి భుజాన వేసుకున్నాడు.

మద్దిలేటి బావిలోకి తొంగి చూశాడు. గుట్టకేసి తిరిగి దణ్ణం పెట్టాడు. "బదులు తీర్చిందమ్మా" అన్నాడు.

ఇప్పటికీ ఏటా తొలకరికి ముందు ఆ ఊరు ఊరంతా గుట్ట ఎక్కుతుంది, ఇప్పుడు వంతు మాదే అంటూ. పక్క ఊళ్ళవాళ్ళు నేర్పమని వస్తే, "మీ గుట్టకు మేమొస్తాం, మా గుట్టకు మీరు బదులుకు రండి" అంటారు. ఎంత గర్వమో వాళ్ళకు. ఉండదూ మరి?

కథేమో కంచికి, వానేమో గుట్టకి, నీళ్ళేమో బావికి, నిద్రేమో నీ కంటికి.