కొండ మీది, మంటా మీదే

దివాను గొడ్డళ్లవాళ్లతో కొండగూడేనికి వచ్చాడు. "ఈ కొండ ఇక రాజుగారిది. మీలో ఎవరు కాలు పెట్టినా తల తీయిస్తాను!"

గూడెం పెద్ద సుక్కమ్మ కొండ అంచువైపు చూసింది. వేసవిలో కార్చిచ్చు పాకకుండా, ఆ ఉదయమే గూడెంవాళ్లు కొండ అంచున ఎండుగడ్డిని పట్టీలా తగలబెట్టారు. ఆ మంటకు కాపలా ఉన్నవాళ్లు దివానుకు జడిసి దిగివచ్చేశారు. గాలి తిరిగితే కొండంతా బూడిదే.

కొండ అంచున లేస్తున్న పొగ చూసి దివాను హడలిపోయాడు. "ఆర్పండి!"

"కాలు పెడితే తల పోతుంది కదా దొరా! కొండ మీది, మంటా మీదే," అంది సుక్కమ్మ.

మంటకు భయపడి గొడ్డళ్లవాళ్లు వెనక్కి తగ్గారు. రాజుగారి కలప కాలితే పోయేది తన తలేనని గ్రహించి, కొండ హక్కు గూడేనిదేనని దివాను తాటాకు మీద రాసిచ్చాడు. గూడెమంతా పచ్చికొమ్మలతో మంట ఆర్పడానికి పరుగెత్తింది.

మంట ఆరాక దివాను అడిగాడు, "ఎవరు పెట్టారిది?"

"మేమే దొరా, ఏటా పెడతాం. అందుకే మీరు కొట్టడానికి వచ్చేదాకా ఈ చెట్లు మిగిలాయి."