సముద్రపు కుందేలుకు గుల్ల ఎందుకు లేదు

పోటు దిగిందే, అలలు తగ్గాయే,
తట్టి చూడవే, గుల్ల తట్టి చూడవే...
గుల్లలేరేవాళ్ల పాట ఇది, ఆ తరవాత ఇంకేదో ఉండాలి. "ఊఁ అంటే దించవే" అనో ఏమో.

సముద్రపు కుందేలంటే ఒడ్డు రాళ్ల మీద పాకే మెత్తటి జీవి, నెత్తిమీద కుందేలు చెవుల్లాంటివి రెండుంటాయి. ఒకప్పుడు దానికి నత్తకున్నట్టే గట్టి గుల్ల ఉండేది. చెవులే ఉండేవి కావు. దాని పేరు మెత్తమ్మ. తల్లి లేని చెల్లెలు బుడ్డిని తన గుల్లలోనే పెట్టుకుని సాకేది.

ఇద్దరున్న గుల్ల మహా బరువు. దాన్ని మోస్తూ రాళ్లెక్కి పాచి మేయడం మెత్తమ్మ వల్ల అయ్యేది కాదు. అందుకని గుల్లను ఒడ్డున నీటిగుంటలో దించి, తానొక్కతే వెళ్లేది. పీత చూసి నవ్వేది. "ఇల్లు మరిచి ఊరేగుతున్నావేంటే" అనేది.

మెత్తమ్మకు బుడ్డి బెంగే. కొన్ని చేపలు తియ్యగా పలకరించి, పలికిన పిల్లల్ని మింగేసేవి. అందుకే ఎవరు పిలిచినా పలకొద్దని రోజూ చెప్పి వెళ్లేది.

ఆ ఒడ్డునే దేముడమ్మ అనే ముసలామె, గుల్లలు కాల్చి సున్నం చేసే బట్టీకి గుల్లలేరేది. ఆమెకో నియమం. గుల్లను మూడుసార్లు తట్టి, ఇంట్లో ఎవరున్నారని అడిగేది. లోపల్నుంచి పలికితే దండం పెట్టి అక్కడే దించేసేది. ఖాళీవే బుట్టలో వేసుకునేది.

ఒక ఉదయం మెత్తమ్మ నోటినిండా ఎర్రపాచితో వచ్చేసరికి గుంటలో గుల్ల లేదు. ఇసుకలో అడుగులున్నాయి. మెత్తటి ఒళ్లంతా గీరుకుపోతున్నా ఆ అడుగుల వెంటే పాకింది. బట్టీ అప్పటికే అంటుకుంది.

సంగతి విని దేముడమ్మ చేతిలోని ఖాళీ బుట్ట కింద పెట్టేసింది.

"మూడుసార్లు తట్టేను తల్లీ. ఆగి ఆగి పిలిచేను. ఊఁ అన్నా దించేసి పోదును కదా."

మెత్తమ్మ, "పలకొద్దన్నది నేనే" అంది. ఏడవబోతే పాచి రసమంతా ఊదారంగై పొంగిపోయింది. దేముడమ్మే మెత్తమ్మను తడిచేతుల్లో తెచ్చి నీళ్లలో వదిలింది.

ఆ రోజు పీత నవ్వలేదు. ఎక్కడెక్కడో వెతికి మంచి ఖాళీ గుల్ల ఒకటి ఈడ్చుకొచ్చింది. మెత్తమ్మ అందులో దూరలేదు. ఏ మూలనుంచైనా బుడ్డి పలుకుతుందేమోనని తలెత్తి వింటూ కూర్చుంది. వినగా వినగా నెత్తిమీద రెండు చెవులు మొలిచాయి.

అప్పటినుంచే సముద్రపు కుందేలు ఒంటిమీద గుల్ల కనిపించదు. ఎవరైనా కదిపితే ఊదారంగు నీళ్లు వదులుతుంది. లోతుకు పోకుండా ఒడ్డు రాళ్ల దగ్గరే ఎర్రపాచి వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆ ఉదయం మెత్తమ్మ మేతకు బయల్దేరుతుంటే బుడ్డి గుల్లలోంచి తల బయటపెట్టి, ఆఖరిసారిగా అన్నమాట ఇదీ:

"పచ్చపాచి చేదక్కా. ఎర్రది తే."