నాలుగో వరుస

వకుళమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగిన మనిషిని ఏదో ఒక పనికి వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆ పనిలో సమాధానం దొరికితే దొరికేది. దొరక్కపోతే మళ్ళీ అడగాల్సిన అవసరమే లేకుండా పోయేది. నర్సాపురంలో ఆవిడ ఇంటి వసారాలో సాయంకాలం పూట పురాణ కాలక్షేపం జరిగేది. ఆవిడ శిష్యురాలు కనకవల్లి పుస్తకం చూసి పద్యం చదివేది, ఆవిడ అర్థం చెప్పేవారు. ఏళ్ళ తరబడి ఆ చదివే పీట కనకవల్లిదే.

చలికాలంలో ఒకనాడు, విన్నవాళ్ళంతా లేచి వెళ్ళాక, కనకవల్లి పుస్తకం మూయకుండా అలాగే కూర్చుంది.

"అమ్మగారూ, నేర్చుకున్నదంతా మరిచిపోయిన మనిషికి చివరికి మిగిలేదేమిటి?"

పైకి వేదాంతంలా వినబడినా ఆమె అడిగింది తన సంగతే. కొత్త పురాణం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆమె చదువులో తప్పులు దొర్లుతున్నాయి. ఒక పాదం చదివి, కిందిది వదిలేసి, ఆ కిందిది అందుకునేది. చదివిన పాదమే మళ్ళీ చదివేది. ముందు కూర్చునే రత్నమాంబ పక్కావిడతో, "పాపం, కనకానికి మరుపు మొదలైంది. వాళ్ళమ్మకీ ఇంతేగా" అనడం ఆమె చెవిన పడనే పడింది. వాళ్ళమ్మ ఆఖరి రోజుల్లో కూతురు కలిపి పెట్టిన అన్నం తింటూ, "ఎవరమ్మా నువ్వు, కమ్మగా కలిపావు" అనేది. ఆ మెచ్చుకోలు కనకవల్లి ఇంకా మరిచిపోలేదు.

వకుళమ్మగారు దీపం వత్తి తగ్గించారు. "రేపు పొద్దున్న కళ్ళాసుపత్రికి వెళ్ళాలి. తోడు రా."

పెద్దావిడ కళ్ళు చూపించుకుంటారు కాబోలు అనుకుని కనకవల్లి బయలుదేరింది. తీరా వెళ్ళాక వకుళమ్మగారు అక్కడ చెప్పిన పేరు కనకవల్లిది.

"నాకెందుకండీ? నా కళ్ళు బాగానే ఉన్నాయి. లోపం వేరే చోట ఉంది."

"నావి మొన్ననే చూపించుకున్నాను. వచ్చినదానివి నువ్వూ చూపించుకో, పోయేదేముంది. ముందు అక్షరాలు చదివిస్తారు. తరవాత కంట్లోకి ఫట్‌మని గాలి కొడతారు. లోపల ఒత్తిడి ఎంతుందో చూడ్డానికట. నేనైతే ఉలిక్కిపడి గాలి కొట్టిన పిల్లని తిట్టాను కూడా. ఆ తరవాత చుక్కలు వేసి కళ్ళు మూసుకోమంటారు, కాస్త మండుతుంది. కంటిపాప పెద్దదయ్యాక డాక్టరమ్మ దీపం పెట్టి లోపలంతా చూస్తుంది. ఇంటికెళ్ళేదాకా లోకం మసగ్గా ఉంటుంది. అంతే."

అక్షరాలు చదివించే గది పొడుగ్గా ఉంది. ఆలస్యం కాకుండా, తరవాతి వంతు వాళ్ళని లోపలే బల్ల మీద కూర్చోబెడుతున్నారు. బల్ల మీదివాళ్ళకి అక్షరాల బోర్డు కనబడదు గాని చదివేవాళ్ళ గొంతు వినబడుతుంది. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన పై వరుస నుంచి అడుగు వరుస దాకా గడగడా చదివాడు. ఆయన వెనకాల ఒకావిడ అవే అక్షరాలు నిదానంగా, ఒక్కొక్కటే తూకం వేస్తున్నట్టు చదివింది. కనకవల్లి చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చిన్నప్పుడు మేనత్త విసుర్రాయి దగ్గర కూర్చుని పద్యాలు చెబుతుంటే విని నేర్చుకున్న మనిషి. ఏదైనా సరే, వరసగా చెవిన పడితే దానికొక నడక ఏర్పడి నోటికి వచ్చేస్తుంది. ఆ పని ఆమె అడక్కుండానే జరిగిపోతుంది.

ఆమె వంతు వచ్చింది. పరీక్ష చేసే అమ్మాయి ఎడమ కన్ను మూయించి చదవమంది. పై అక్షరాలు పెద్దవి, కనిపించాయి. రెండో వరుస, మూడో వరుస కూడా ఎలాగో కనిపించాయి. నాలుగో వరుస దగ్గర గోడ మీద చీమలు పాకుతున్నట్టుంది. కాని నోరు ఆగలేదు. వినికిడిలో ఉన్న నడక పట్టుకుని నాలుగు, అయిదు దాటి అడుగు దాకా వెళ్ళిపోయింది. రెండో కంటికీ అంతే. మోసం చేద్దామన్న ఆలోచన ఆమెకి లేదు. అప్పజెబుతున్నంతసేపూ ఒక్కటే సంబరం. విన్నది విన్నట్టే ఉంది. ఒక్క అక్షరం జారలేదు. నాకు మరుపు రాలేదు.

"చూపు చక్కగా ఉందండీ, అడుగు వరుస కూడా చదివేశారు. మరి ఏమిటి మీ ఇబ్బంది?" అంది ఆ అమ్మాయి.

"పుస్తకం చదువుతుంటే పాదాలు తప్పిపోతున్నాయమ్మా."

ఆ అమ్మాయి జాలిగా చూసింది. "అయితే అది కళ్ళ వల్ల కాకపోవచ్చు, మామ్మగారూ. ఈ వయసులో కొందరికి మతిమరుపు వస్తుంది కదా. ఆ డాక్టరుకి కూడా ఒకసారి చూపించుకోండి. గాలి పరీక్షకి పిలుస్తారు, బయట కూర్చోండి."

కనకవల్లి బయటికొచ్చి వకుళమ్మగారి పక్కన కూర్చుంది.

"ఏమన్నారు?"

"కళ్ళు బాగున్నాయన్నారు."

"మంచిదేగా. ఆ మొహం ఏమిటి మరి?"

 జ్ఞాపకం చెక్కు చెదరలేదని మురుస్తూ అప్పజెప్పిన అక్షరాలే కనకవల్లికి మతిమరుపని తేల్చాయి. నోరు మూసుకుంటే అమ్మ జబ్బు తన పేరున స్థిరపడుతుంది. పీట ఇంకొకరికి వెళుతుంది. నోరు విప్పితే, ఈ వయసులో ఇంతమంది ఎదుట కాపీ కొట్టానని ఒప్పుకోవాలి. అది కూడా ఓర్చుకోవచ్చు. మళ్ళీ చదివించి, కళ్ళు నిజంగానే బాగున్నాయని తేలిస్తే? అప్పుడు అనుమానపడడానికి కూడా ఏమీ మిగలదు. ఆమెని బల్లకి కట్టేసింది ఆ భయం.

"అమ్మగారూ," అంది చివరికి. "నేను చూసి చదవలేదు. ముందువాళ్ళు చదువుతుంటే విన్నాను. అదే అప్పజెప్పాను."

"నాకు చెబితే ఏం లాభం?" అన్నారు వకుళమ్మగారు. "పరీక్ష చేసింది నేను కాదుగా."

కనకవల్లి లేచింది. వకుళమ్మగారు వెనకాలే వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డారు. లోపల చదువుతున్నవాళ్ళు అయ్యేదాకా ఆగి, కనకవల్లి బల్ల మీదివాళ్ళ వైపు చూడకుండా చెప్పింది.

"అమ్మాయ్, నాకు కనబడింది మూడు వరుసలే. తక్కినవి వీళ్ళ నోట విన్నవి."

బల్ల మీద ఒకాయన ఫక్కున నవ్వాడు. "కాస్త మాకూ అందించండి మామ్మగారూ, మేమూ గట్టెక్కుతాం."

ఆ అమ్మాయికి కోపం రాలేదు. "ఒకటి రెండుసార్లు వినేసరికి వచ్చేసిందా? పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, నాకే రాలేదండీ," అని మీట నొక్కి బోర్డు మీద వేరే అక్షరాలు తెప్పించింది. "రండి, కూర్చోండి. తెలియకపోతే తెలియదనండి, ఏం పరవాలేదు."

ఒక కన్ను మూసుకుని కనకవల్లి మూడు వరుసలు చదివింది. నాలుగో వరుసకి అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. చెవుల్లో ఏమీ లేదు. ఎదురుగా పొగమంచు. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు, బల్ల మీద నవ్వినాయన కూడా ఊరుకున్నాడు.

"కనబడటం లేదు," అంది కనకవల్లి.

రెండో కంటికి మూడో వరుస దగ్గరే ఆగిపోయింది. "ఇది కూడా కనబడటం లేదు." ఈసారి ఆ మాట అంత బరువుగా లేదు.

ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి అద్దాలు మారుస్తూ ఇది నయమా, అది నయమా అని అడిగారు. రెండూ ఒక్కలాగే ఉన్నాయని చెప్పడానికి ఆమె సంకోచించలేదు. గాలి కొడితే ఉలిక్కిపడింది గాని ఎవరినీ తిట్టలేదు. చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకున్నంతసేపూ వకుళమ్మగారి చెయ్యి పట్టుకునే కూర్చుంది. డాక్టరమ్మ గడ్డం ఆనించమని, సన్నటి వెలుతురు కంట్లోకి పంపి, పైకి కిందికి పక్కకి చూడమని చాలాసేపు పరిశీలించింది.

"రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయమ్మా. ఎడం కంట్లో బాగా ముదిరింది. వెనకాల నరం బాగానే ఉంది. ఆపరేషను చేస్తే చూపు మెరుగవుతుంది. పుస్తకంలో పాదాలు కలిసిపోవడం దీనివల్లనే కావచ్చు."

"మరి మరుపండీ?"

"అది నా దీపానికి కనబడదు," అని డాక్టరమ్మ నవ్వింది. "ముందు ఇది బాగుచేసుకుందాం. అప్పటికీ తప్పులు పోకపోతే అది చూసే డాక్టరు దగ్గరికి నేనే పంపిస్తాను."

బయట మధ్యాహ్నపు ఎండ. పెద్దవైన కంటిపాపల్లోకి అది తెల్లగా వచ్చి పడి, మెట్టు ఎక్కడుందో కనకవల్లికి తెలియలేదు. ఎనభై దాటిన గురువుగారు అరవై దాటిన శిష్యురాలిని చెయ్యి పట్టుకుని దింపి, ఆటో ఎక్కించి, వెలుగు పడకుండా తన చెంగు అడ్డం పట్టారు. ఆటో కాలువ గట్టు ఎక్కింది.

"అమ్మగారూ," అంది కనకవల్లి కళ్ళు మూసుకునే. "అంతా మరిచిపోతే చివరికి మిగిలేదేమిటని నిన్న అడిగినదానికి మీరింకా చెప్పలేదు. కళ్ళు బాగయ్యాక కూడా, ఎప్పుడో ఒకనాడు, నాకు అమ్మలాగే..."

వకుళమ్మగారు చెంగు కాస్త ముందుకు లాగారు.

"ఇందాక కనబడటం లేదని చెప్పావే కనకం," అన్నారు. "అది ఎవరు చదివితే విన్నావు?"