గవరమ్మ దించిన దడితలుపు

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి, ఆవులించేవాళ్లు పోయి పడుకోండి. మీ తాతకి తాత కూడా పుట్టని రోజుల్లో, కొండకింద ఒక ఊరు. ఆ ఊళ్లో గవరమ్మ అని ఒక ముసలావిడ. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఓ పాక, చుట్టూ దడి, దడికి ఒక కర్రతలుపు, లోపల ఒక మేక. అంతే ఆవిడ సంసారం.

ఆ ఊరికి ఒక పట్టింపు ఉండేది. ఇంట్లో మనిషి పోతే, పాడె పట్టేంత దారి కోసం దడితలుపు ఊడదీసేవాళ్లు. అందుకని మామూలు రోజుల్లో ఎవరూ తలుపు దించరు. దించితే చావుని పిలిచినట్టేనట. మరి తలుపు కుంగి నేలకి రాసుకుంటే? కింద మన్ను చెక్కేవాళ్లు. ఇంకా కుంగితే తలుపు అడుగు కోసేసేవాళ్లు. ఆ సందులోంచి తోడేలు దూరి మేకపిల్లని ఎత్తుకుపోతే తలరాత అని ఏడ్చేవాళ్లు. తెలివి తెల్లారినట్టే ఉంది కదూ!

గవరమ్మా అందరిలాగే మన్ను చెక్కింది, అడుగు కోసింది. తోడేలు వచ్చి పిల్లని పట్టుకుపోయింది. తల్లిమేక రోజుల తరబడి అరిచింది. ఆ అరుపు గవరమ్మ చెవుల్లోంచి పోలేదు. మేక మళ్లీ చూడి కట్టేసరికి, ఈసారి పిల్లని పోనిచ్చేది లేదనుకుంది. పట్టపగలు తలుపు ఊడదీసి నేలమీద పరిచింది.

ఇంకేముంది, ఊరు ఊరంతా పరిగెత్తుకొచ్చింది. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వచ్చారు. చూస్తే గవరమ్మ తలుపు పక్కన గొంతుక్కూర్చుని ఉంది. ఊరిపెద్ద సన్యాసినాయుడు ముందుకొచ్చాడు.

“ఎవరు పోయారే గవరమ్మా?”

“ఎవరూ పోకూడదనే దించాను బాబూ.”

నాయుడు మండిపడ్డాడు. ఊరికి అరిష్టం తెచ్చావన్నాడు. పోతే నేనే పోతాను, మధ్యలో మీకేం భయం అని గవరమ్మ తన పని తాను చూసుకుంది. వదులైన అతుకుల్లో చెక్కచీలికలు దిగ్గొట్టింది. కోసేసిన అడుగుకి కొత్త పలక వేసింది. తలుపు ఎక్కించింది. వారం తిరక్కుండా మళ్లీ కుంగింది.

మళ్లీ దించింది. మళ్లీ ఊరొచ్చింది. ఈసారి సగంమంది ఏడ్చారు, సగంమంది నవ్వారు. గవరమ్మ తలుపుమీద ఒక కర్రని ఏటవాలుగా వేసింది. తలుపు వేలాడే గుంజ వైపు పై మూలనుంచి అవతలి కింది మూలకి వేసి సీలలు కొట్టింది. తలుపు బరువుకి సీలలు ఊడొచ్చాయి. మళ్లీ కుంగింది. ఆవిడా మొండిఘటమే. చూరుకింద కూర్చుని ఆలోచిస్తుంటే, చూరుకి పెట్టిన ఊతకర్ర కనబడింది. దాని కాలు కింద పాక గుంజకి ఆని ఉంది, తల చూరుని మోస్తోంది. నా మతి మండ, బరువుని వేలాడదీశాను గానీ కిందనుంచి మొయ్యలేదు కదా అనుకుంది.

మూడోసారి దించింది. ఈసారి ఎవరూ ఏడవలేదు. సన్యాసినాయుడే వచ్చి తలుపు కొస పట్టుకున్నాడు. గవరమ్మ కర్ర కాలుని గుంజ వైపు కింది మూలలో ఆనించింది, తలని అవతలి పై మూలకి చేర్చి సీలలు కొట్టింది. ఇద్దరూ కలిసి ఎక్కించారు. తలుపు తిన్నగా నిలబడింది, చిటికెనవేలితో తోస్తే తెరుచుకుంది.

మేక రెండు పిల్లల్ని ఈనింది. తోడేలు వచ్చి, తలుపంతా గీరి, వచ్చిన దారినే పోయింది. తెల్లారి గవరమ్మ పిల్లల్ని చెరో చంకన పెట్టుకుని ఊరంతా తిరిగింది. ఆ సంతోషం నేను చెప్పలేను, మీరే అనుకోండి. ఆ ఏడాది ఊళ్లో తలుపులన్నీ దిగాయి. దించినందుకు ఒక్కరూ పోలేదు.

చాలా ఏళ్లకి గవరమ్మ పోయింది. ఎవరైనా పోవాల్సిందే. ఆచారం ప్రకారం తలుపు ఊడదీయబోతే, పండుముసలి అయిన సన్యాసినాయుడు కర్ర పొడుచుకుంటూ వచ్చి అడ్డం నిలబడ్డాడు.

“అది బార్లా తెరుచుకుంటుంది. చెయ్యి వెయ్యకండి.”

నిజమే. కుంగిన తలుపు సగమే తెరుచుకుంటుంది, అందుకే వెనకటివాళ్లు ఊడదీసేవాళ్లు. గవరమ్మ తలుపు మొత్తం తెరుచుకుంది. పాడె ఎక్కడా తగలకుండా బయటికి నడిచింది. అప్పుడు ఏడ్చారమ్మా ఊరంతా, ఈసారి నిజంగా ఏడ్చారు.

ఇప్పటికీ ఆ కొండకింద ఊళ్లలో చావుకి దడితలుపు తియ్యరు. ఇంట్లో మేక ఈనే ముందే దించి బాగుచేస్తారు. ఇరుగుపొరుగు వచ్చి తలో చెయ్యీ వేస్తారు. ఎవరైనా చేతులు కట్టుకుని చూస్తూ నిలబడితే పెద్దవాళ్లు ఊరుకోరు. “ఏడవడానికైతే వస్తారు, పట్టడానికి రారా?” అంటారు.